కొంగున కట్టిన కారు తాళం

మా కారు ఒళ్లంతా తెలుపు, ఎడమవైపు ముందు తలుపు మాత్రం ముదురు ఆకుపచ్చ. ఆ కారులోనే నేను ఆదివారం చర్చికి, సెలవుల్లో మా పుట్టినూరు సుల్తానాబాద్‌కు వెళ్లేదాన్ని. మందమర్రిలో మా గని కార్మికుల కాలనీ మలుపులో ఆ ఆకుపచ్చ కనబడగానే "అగో, సిస్టరమ్మ వస్తున్నది" అనేవాళ్లు. సిస్టరమ్మ అంటే నేనే. అక్కడి డిస్పెన్సరీలో నర్సుగా పనిచేశాను. నేను వేసిన సూదులు, చూసిన కాన్పులు ఎవరికీ గుర్తు లేవు కానీ ఆ తలుపు మాత్రం అందరికీ గుర్తే. మొన్నామధ్య బస్సులో ఒకామె నా ముఖం గుర్తుపట్టలేక తికమకపడుతుంటే "పచ్చ తలుపు కారు" అన్నాను. వెంటనే నా చెయ్యి పట్టుకుంది.

ఆ తలుపు మా ఆయన బిగించింది. అసలు తలుపు తుప్పు పట్టి ఊగిపోతుంటే, ఎక్కడో పడి ఉన్న ఇంకో కారు తలుపు అడిగి తెచ్చి, చేతికి దొరికిన రంగు పూసి పెట్టాడు. తెలుపు వేయొచ్చు కదా అంటే "పచ్చ డబ్బా ఉండె" అన్నాడు. ఆయన లెక్కలో అక్కడితో విషయం అయిపోయింది.

ఆయన గని వర్క్‌షాపులో ఫిట్టరు. లోపల ఆగిపోయిన పంపులు, మోటార్లు బాగుచేయడానికి గనిలోకి దిగేవాడు. పైకి వచ్చాక, చేతులు కడుక్కుని, ఇంకేం బాగుచేద్దామా అని ఇల్లంతా వెతికేవాడు. మాకు పిల్లలు కలగలేదు. ఆ మాట ఇక్కడ చెప్పి వదిలేస్తాను. ఆ కారు మా జీవితంలోకి రావడానికి కారణం మాత్రం ఆయన కాదు, నేను.

చిన్నప్పుడు నేను మిషన్ హాస్టల్లో చదువుకున్నాను. ఆ కాంపౌండులో ఒక తెల్ల దొరసాని ఉండేది. డ్రైవరు లేకుండా తనే కారు తోలుకుంటూ పల్లెలకు పోయేది. మేం ఆడపిల్లలం గేటు దగ్గర వరసగా నిలబడి చూసేవాళ్లం. ఆమె బైబిలు క్లాసులో చెప్పినవి చాలా మరిచిపోయాను కానీ, గేరు మార్చేటప్పుడు ఆమె మోచేయి ఎలా కదిలేదో ఇప్పటికీ చేసి చూపించగలను. పెళ్లయిన కొత్తలో ఆయన నీకేం ఇష్టం అని అడిగితే, కారు తోలాలని ఉందన్నాను. చీరో, గాజులో అంటాననుకున్నట్టున్నాడు. అయినా నవ్వలేదు. నవ్వి ఉంటే నేను ఆ కోరిక మళ్లీ ఎవరికీ చెప్పేదాన్ని కాదు.

చాలా ఏళ్లకు, డెబ్బైల చివర్లో, గని మేనేజరు వాడి వాడి పక్కన పెట్టిన కారును వేలంలో పాడి ఇంటికి తెచ్చాడు. ఆ రోజుల్లో దేశంలో ఎటు చూసినా కనిపించిన గుండ్రటి పెద్ద కారే. తెచ్చాడంటే తోలుకుంటూ కాదు, నలుగురు స్నేహితులతో తోయించుకుంటూ తెచ్చాడు. మా క్వార్టరు ముందు వేపచెట్టు కింద నిలబెట్టి "సిస్టరమ్మా, నీ కారు" అన్నాడు. కాలనీ వాళ్లతో పాటు ఆయన కూడా నన్ను ఆటపట్టించడానికి అలాగే పిలిచేవాడు.

అప్పటి నుంచి మా ఇంట్లో రెండు పార్టీలు. నాది షోరూం పార్టీ, ఆయనది సొంతచేతి పార్టీ.

కరీంనగర్‌లో కార్ల షోరూం ఒకటి ఉండేది. ముందు అద్దాల గది, వెనక పెద్ద షెడ్డు. బస్సులో పోతూ నేను ఆ అద్దాల వైపు చూసేదాన్ని. అక్కడికి తీసుకుపోయి ఒక్కసారి నున్నగా చేయించుకుంటే, మనకూ మర్యాదగా ఉంటుందని నా వాదన.

"వాళ్లు ఒక్కసారి చేస్తే అయిపోతది. నువ్వు వారం వారం విప్పుతనే ఉంటవు."

"వారం వారం విప్పుతున్ననంటే వారం వారం దాన్ని చూసుకుంటున్ననన్నట్టే గదా. ఒక్కసారి చేసి పారేసేటోడికి దాని బాగోగులు ఏం తెల్వాలె?"

ఆయనకు మాటలు బాగా వచ్చు. పని మాత్రం అన్నిసార్లూ రాదు. ఎండాకాలం నాకు ఉక్కపోస్తుందని డ్యాష్‌బోర్డు మీద చిన్న ఫ్యాను బిగించాడు. అది గాలి కంటే దుమ్ము ఎక్కువ కొట్టేది. పాదాల కింద, గనిలో బొగ్గు మోసి మోసి అరిగిపోయిన బెల్టు రబ్బరును కోసి పరిచాడు. అది మాత్రం బ్రహ్మాండం, వాన నీళ్లు వచ్చినా చెక్కు చెదరలేదు. కొత్త హారన్ పెట్టాడు. దాని వైరు ఎక్కడ తగిలించాడో ఏమో, స్టీరింగు ఎడమకు తిప్పినప్పుడల్లా దానంతటదే మోగేది. మా చర్చి మలుపు ఎడమకే. మేం ఆలస్యంగా వెళ్లిన రోజు సంఘమంతటికీ తెలిసిపోయేది. పాస్టరయ్య ప్రసంగం మధ్యలో ఆగి "సిస్టరమ్మ వాళ్లు వచ్చిండ్రు" అని, మళ్లీ అందుకునేవాడు. నేను తల దించుకుని ఆడవాళ్ల వైపు కూర్చునేదాన్ని. ఆయన మగవాళ్ల వైపు దర్జాగా కూర్చునేవాడు. అప్పుడు నాకు ఎంత కోపం వచ్చేదో! ఇప్పుడు ఆ హారన్ ఒక్కసారి వినబడితే చాలు, చెప్పులు కూడా వేసుకోకుండా వాకిట్లోకి పరుగెత్తుతాను.

గనిలో ఫిట్టర్లకు ఒక కట్టుబాటు ఉంది. యంత్రం కిందికి దూరేముందు, దానికి కరెంటు వచ్చే చోట ఫ్యూజు పీకి జేబులో వేసుకుంటారు. కింద ఉన్న మనిషి బయటికి వచ్చి తన చేత్తో మళ్లీ పెడితే తప్ప ఆ యంత్రం కదలకూడదు. ఆ ఫ్యూజును ఇంకొకరి చేతికి ఇవ్వరు. తోడబుట్టిన వాడు పక్కనున్నా ఇవ్వరు. ఎప్పుడో ఎవరో ఇచ్చారట. ఏమైందో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఇంటి దగ్గర కారు కింద దూరేటప్పుడు మాత్రం ఆయన తాళంచెవి నాకిచ్చేవాడు. మొదటిసారి ఇచ్చినప్పుడు నేను దాన్ని వంటింటి గూట్లో పెట్టి నా పని చూసుకుంటున్నాను. ఆయన కారు కింది నుంచి పాక్కుంటూ బయటికొచ్చాడు.

"గూట్ల కాదు. కొంగుకు కట్టుకో. నేను బయటికొచ్చేదాక విప్పకు."

"అంత భయముంటే నీ జేబుల్నే పెట్టుకోరాదు? గనిల అట్లనే చేస్తరన్నవు గదా?"

"గనిల నమ్మేటోళ్లు లేక జేబుల పెట్టుకుంట. ఇంట్ల గా బాధ లేదు గదా" అని మళ్లీ కిందికి దూరాడు.

ఆయనకు ప్రేమ మాటలు చెప్పడం రాదు. కానీ ఆ రోజు నేను చేటలో బియ్యం పెట్టుకుని మెట్ల మీద కూర్చుని, ఆ మాటనే తిప్పి తిప్పి అనుకుంటూ రాళ్లతో పాటు బియ్యం కూడా ఏరి పారేశాను.

ఆదివారం ప్రార్థన కాగానే ఆయన తెల్లచొక్కా విప్పి ఖాకీ చొక్కా వేసుకునేవాడు. విశ్రాంతి దినాన పనేమిటని పాస్టరయ్య మందలిస్తే, "ఇది పని కాదయ్యగారు, ఇదే నా విశ్రాంతి" అనేవాడు. చక్రం పక్కన నిలబడి కళ్లు మూసుకుని ఒక నిమిషం ప్రార్థన చేసి, గోనెసంచి పరుచుకుని కిందికి దూరేవాడు. బయటికి రెండు పాదాలే కనిపించేవి. "పెద్ద పానా" అని చెయ్యి చాపితే నేను అందించేదాన్ని. ఇరుగుపొరుగు ఆడవాళ్లు ఎక్కడికైనా పోదాం రమ్మంటే "రాను, కింద మనిషి ఉన్నడు" అనేదాన్ని. వాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు. నవ్వితే నవ్వనీ. నా కొంగు చివర ముడి బరువుగా వేలాడుతుండేది. ఆ బరువు నాకు బాగుండేది.

ఇక నా డ్రైవింగు సంగతి. కారు కదిలే స్థితికి వచ్చాక ఆయన నన్ను తోలే సీట్లో కూర్చోబెట్టాడు. నేను పొట్టిదాన్ని. ఎంత పొట్టి అంటే చెప్పను. పాదాలు పెడళ్లకు అందలేదు. ముందు సీటు ఒకటే బెంచీ. దాన్ని చివరిదాకా ముందుకు జరిపినా పాదాలు సరిగా ఆనలేదు, పైగా పక్కన కూర్చున్న ఆయన మోకాళ్లు గడ్డానికి తగిలేవి. ఆ అవతారంలో ఆయనను చూసి నేను నవ్వుతుంటే, ఆయన మాత్రం నా పాదాల వైపు చూస్తున్నాడు.

"చెప్పు ఇటియ్యి" అన్నాడు.

నా చెప్పును అట్టముక్క మీద పెట్టి పెన్సిలుతో చుట్టూ గీత గీసుకున్నాడు. కోత మిషను దగ్గర నుంచి టేకు చెక్కలు తెచ్చాడు. మూడు దిమ్మెలు చెక్కాడు. క్లచ్చుకొకటి, బ్రేకుకొకటి, ఎక్సిలేటరుకొకటి. పాదం జారకుండా పైన బెల్టు రబ్బరు అతికించి, పెడళ్లకు బోల్టులతో బిగించాడు. నన్ను మళ్లీ కూర్చోబెట్టాడు. పాదాలు ఆనాయి. అంతకుముందు నా ఒంటికి సరిగ్గా కుట్టిన జాకెట్టు కూడా లేదు. అంత అమరికగా ఏ వస్తువైనా నా కోసం తయారవుతుందని నేననుకోలేదు.

"సీటును ముందుకు తెచ్చుడెందుకు? పెడళ్లనే నీ దగ్గరికి తెచ్చిన" అన్నాడు.

ఆయన పొడుగు మనిషి. ఆ దిమ్మెలతో ఆయన తోలేటప్పుడు మోకాళ్లు స్టీరింగుకు కొట్టుకునేవి. తీసి పెట్టుకోమంటే వినేవాడు కాదు. "నీ చెప్పులు తొడుక్కొని తోలుతున్న, జర ఇరుకున్నయి గంతే" అనేవాడు. అలా వాటి పేరు మా ఇంట్లో చెప్పులు అయిపోయింది.

శ్రీరాంపూర్ వైపు ఖాళీ మైదానంలో నేను నేర్చుకున్నాను. ఆయన అరిచేవాడు కాదు. గనిలో ఆ చప్పుళ్లకు అరిచినా వినబడదట, గంట కొట్టి చెప్పుకుంటారట. అలాగే కిటికీలోంచి చెయ్యి బయట పెట్టి తలుపు మీద వేళ్లతో కొట్టేవాడు. ఒకటి కొడితే ఆగాలి. రెండు కొడితే పోవాలి. ఒకసారి రోడ్డు పక్కన గడ్డి మోపుతో నిలబడ్డ ముసలమ్మ మా కారు చూసి "ఓ అవ్వా, లోపల తోలేటోడే లేడు!" అని మోపు కింద పడేసింది. స్టీరింగు వెనక నా తల ఆమెకు కనబడలేదు. ఆయన తలుపు మీద ఒకటి కొట్టాడు, నేను ఆపాను. ఆయన దిగి మోపు ఎత్తి ఆమె తల మీద పెట్టాడు. ఆమె వంగి నన్ను చూసి "ఇగో, ఉన్నది చిన్నది" అంది.

సుల్తానాబాద్ ప్రయాణాలు ఇప్పటికీ కళ్ల ముందు ఉన్నాయి. కోతలైన రోజుల్లో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉండేవి. వాటి మీద చక్రం ఎక్కకుండా పక్కకు తప్పించుకుంటూ తోలాలి. ఎడమవైపు ఆయన, పచ్చ తలుపు మీద ఆయన చెయ్యి, ఆ ఫ్యాను కొట్టే దుమ్ము. గోదావరి వంతెన మీద ఆయన ఎప్పుడూ ఒకటి కొట్టేవాడు. ఆపేదాన్ని. దిగి నీళ్లు చూసేవాళ్లం. ఏం మాట్లాడుకునేవాళ్లమో గుర్తులేదు. ఏమీ మాట్లాడుకోలేదేమో. తర్వాత ఆయన రెండు కొట్టేవాడు.

దగ్గు ఎనభైల మధ్యలో మొదలైంది. నర్సును కనుక నాకు ముందే తెలిసింది. భార్యను కనుక తెలియనట్టు ఉన్నాను. మెట్లు ఎక్కితే ఆగేవాడు. ప్రసంగం అయ్యాక పాట అందుకునేవాడు కాదు. చివరికి డాక్టర్లు ఇక గని పనికి పనికిరాడని రాసిచ్చారు, ఇంటికొచ్చేశాడు. ఆదివారం ఖాకీ చొక్కా వేసుకుని, ప్రార్థన చేసుకుని, కారు కింద పడుకున్నాడు. వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడలేదు. పాదాలు కొట్టుకుంటుంటే పట్టి బయటికి లాగాను. ఆ రోజు తాళంచెవి ఆయనే నా కొంగు నుంచి విప్పి గూట్లో పెట్టాడు. తర్వాత చాలా కాలం కారు వేపచెట్టు కింద ఆకులు రాల్చుకుంటూ ఉండిపోయింది.

ఒక రోజు నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి వేపచెట్టు కింద ఖాళీ. సాయంత్రం ఆయన బస్సు దిగి ఆయాసపడుతూ వచ్చాడు. మెట్ల మీద కూర్చుని, ఊపిరి తీసుకుని, నవ్వాడు.

"నువ్వే గెలిచినవు తియ్యి. కరీంనగర్ల షోరూంల ఇచ్చొచ్చిన."

నేను నమ్మలేదు. "నీకేమైంది? వాళ్లకు బాగోగులు తెల్వయంటివి?"

"నేను చేసినయన్ని నాకే సమజైతయి. ఏ వైరు ఏడికి పోయిందో ఇంకొకనికి తెల్వదు. రేపు నేను లేకుంటే నువ్వు ఏ షెడ్డుకు పోయినా మిస్త్రీ తల పట్టుకుంటడు. కంపెనీది కంపెనీ తీరుగ చేయమన్న. అప్పుడు నువ్వు ఏడికి తోలుకపోయినా ఎవడైనా చేసిస్తడు. పరేషాన్ గావు."

నాకు ఒళ్లు మండింది. "రేపు లేకుంటేనా? ఎవరు చెప్పిన్రు నీకు లేకుంటవని? నేను అడిగిన్నా గిట్ల చేయమని?" అని గట్టిగా అరిచాను. పక్క క్వార్టరు తలుపు తెరుచుకుంది. ఆయన దగ్గు మందు కోసం జేబులో చెయ్యి పెట్టాడు. చెయ్యి బయటికి తీశాడు. చేతిలో కారు తాళంచెవి ఉంది.

అన్నేళ్ల అలవాటు. యంత్రం పనికి అప్పజెప్పి తాళం జేబులో వేసుకుని బస్సెక్కాడు. కరీంనగర్‌లో అంత పెద్ద షెడ్డులో వాళ్లు మా కారు చుట్టూ తిరుగుతూ తాళం వెతుక్కుంటున్నారన్నమాట. ఆయన తాళం వైపు చూశాడు, నా వైపు చూశాడు. కోపంలో ఉన్నదాన్ని, ఆపుకోలేక నవ్వాను. ఇద్దరం మెట్ల మీద కూర్చుని కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాం.

తెల్లారి ఇద్దరం బస్సులో పోయి తాళం ఇచ్చాం. కౌంటరు దగ్గర మర్యాద తెలిసిన కుర్రాడు ఉన్నాడు. తాళానికి చిన్న చీటీ కట్టి, గోడ మీద వరసగా ఉన్న మేకుల్లో ఒకదానికి తగిలించాడు. మా ఆయన ఆ మేకు వైపే చూస్తూ నిలబడ్డాడు.

"గక్కడ్నే ఉంటదా? ఎవరంటే వాళ్లు తీసుకోవచ్చు గదా? కింద మనిషి ఉంటే?"

"ఏం కాదు సార్. మా తాన అంతే. ఫికర్ చేయకుండ్రి" అన్నాడు ఆ అబ్బాయి. ఆయన కదలకపోతే నేనే చొక్కా పట్టుకుని బయటికి తీసుకొచ్చాను.

కొన్ని వారాలకు కారు సిద్ధమైందని కబురొచ్చింది. అబద్ధం చెప్పను, నేనంత అందమైన కారు చూడలేదు. పాల తెలుపు. ఎడమ తలుపు కూడా తెలుపే. మూస్తే మెత్తగా మూసుకుంది. సీట్లకు కొత్త బట్ట. హారన్ నొక్కితేనే మోగింది. విప్పినవన్నీ గోనెసంచిలో వేసి, మీవి మీరు చూసుకోండని అప్పజెప్పారు కూడా. వాళ్ల పనిలో ఒక్క వంక పెట్టడానికి లేదు. నేను ఏళ్ల తరబడి అడిగింది అడిగినట్టు చేశారు.

"ఎక్కు సిస్టరమ్మా, ఇంటిదాక నువ్వే తోలాలె" అన్నాడాయన, కొత్త తలుపు తీసుకుని ఎడమవైపు కూర్చుంటూ.

ఎక్కాను. కాళ్లు చాపాను. పాదాల కింద ఏమీ లేదు.

సీటు అంచుకు జరిగి బొటనవేలు చాపితే బ్రేకు అందీ అందనట్టు తగిలింది. దిగి గోనెసంచి బోర్లించాను. ఫ్యాను ఉంది, పాత హారన్ ఉంది, బెల్టు రబ్బరు చుట్ట ఉంది. దిమ్మెలు లేవు. షెడ్డులో పనివాడిని అడిగితే పాపం బిక్కమొహం వేశాడు. "కట్టె ముక్కలు గదా అని పారేసినం అమ్మా."

మా ఆయన అక్కడే కారు గడప మీద కూర్చుండిపోయాడు. "ఏమేం తీయాల్నో అన్ని చెప్పిన. ఇవి తీయొద్దని చెప్పుడు యాదికే రాలే. అవి బండివని నేను అనుకోనే లేదు. నీ చెప్పులే అనుకున్న."

తిరుగు దారిలో ఆయనే తోలాడు, ఆగుతూ, ఊపిరి తీసుకుంటూ. మోకాళ్లు దేనికీ తగల్లేదు. నేను ఆ తెల్ల తలుపు పక్కన కూర్చుని ఏడ్చాను. ఈయన లేని రోజు ఎలా ఉంటుందో ఆ సీట్లో కూర్చున్న కాసేపట్లోనే నాకు తెలిసిపోయింది. అన్నీ బాగుంటాయి, చక్కగా ఉంటాయి, నా కాలికి ఏదీ అందదు. అదే ఆయనతో అన్నాను.

ఇల్లు చేరాక "చెక్కలు తే" అన్నాడు.

ఈసారి ఆయన కుర్చీలో, పని నాది. చెప్పు చుట్టూ గీత మాత్రం ఆయనే గీశాడు. రంపం నేను పట్టాను. బర్మాతో తొలి చిల్లు వేసేసరికి నా అరచేతులు బొబ్బలెక్కాయి. "నెమ్మది, గది పేషంటు కాదు, సూది గుచ్చినట్టు గుచ్చకు" అంటూ ఎగతాళి చేసేవాడు. అన్నీ అయ్యాక బిగించడానికి నేను మోకాళ్ల మీద కూర్చుని పెడళ్ల దగ్గరికి తల వంచబోతుంటే చెయ్యి చాపాడు.

"తాళంచెవి ఇటియ్యి."

ఇచ్చాను. ఖాకీ చొక్కా జేబులో వేసుకుని పైన అరచెయ్యి పెట్టుకున్నాడు. నేను లోపల చీకట్లో నట్లు బిగిస్తున్నాను. వీధిలోంచి ఎవరో పాత స్నేహితుడు చాయ్ తాగుదాం రమ్మని పిలిచాడు. బయట నుంచి మా ఆయన గొంతు వినబడింది. దగ్గు మధ్యలోనే, తాపీగా. "రాను. లోపల మనిషి ఉన్నది."

నేను వెంటనే బయటికి రాలేదు. నట్లు బిగిసినా, ఇంకా బిగిస్తున్నట్టు అక్కడే తల దాచుకున్నాను.

దిమ్మెలు వంకరగా కుదిరాయి. బ్రేకుది కుడికి ఒరిగింది. ఆయన వంగి చూసి "అచ్చం షోరూం పనే" అని, నవ్వలేక నవ్వాడు. ఆ వారమే గోదావరి వంతెన దాకా తీసుకుపోయాను. ఆయన తెల్ల తలుపు మీద ఒకటి కొట్టాడు. "చప్పుడు మారింది" అన్నాడు. నీళ్లు చూశాం. రెండు కొట్టాడు.

ఆ వానాకాలం ఆయన దాటలేదు. దాని గురించి ఇంతకంటే రాయలేను.

తర్వాత కొన్నేళ్లు నేనే తోలుకున్నాను. పల్లెల్లో కాన్పులకు, చర్చికి, మా ఊరికి. ఆయన అన్నట్టే, ఎక్కడ ఆగినా ఏదో ఒక షెడ్డులో ఎవరో ఒకరు బాగుచేసిచ్చారు. ఆ తెలివి ఆయనది, ఆ గెలుపూ ఆయనదే. ఎడమ సీట్లో ఎవరు కూర్చున్నా తలుపు మీద చెయ్యి పెట్టనిచ్చేదాన్ని కాదు. తొంభైల్లో మోకాళ్ల నొప్పులు వచ్చి క్లచ్చు తొక్కడం కష్టమైంది. అమ్మేద్దామనుకున్నాను. ఒక కుర్ర టీచరు, భార్యను వెంటబెట్టుకుని చూడ్డానికి వచ్చాడు. ఇద్దరూ పొడుగే. ఆ అమ్మాయి కారు చుట్టూ తిరిగి, తలుపు తీసి మూసి మురిసిపోయింది. అతను తోలే సీట్లో కూర్చుంటే మోకాళ్లు స్టీరింగుకు తగిలాయి.

"అమ్మా, గీ చెక్కలు తీస్తే మాకు మంచిగుంటది. మీకెందుకు తిప్పలు, షోరూంల తీయించుకుంటం తియ్యుండ్రి."

"వద్దు. నేనే తీస్త" అన్నాను.

లోపల నుంచి పానా తెచ్చుకున్నాను. కారు తాళం స్టీరింగు పక్కనే వేలాడుతోంది. చెయ్యి దానంతటదే పోయి తీసింది. మోకాళ్ల మీద కూర్చుని, తల వంచబోయి, ఆగాను. తాళంచెవి చేతిలో ఉంది. మెట్ల వైపు చూశాను. వేపచెట్టు కింద ఆయన కుర్చీ ఉండే చోటు చూశాను. ఆ అబ్బాయి మంచివాడు, నా ఇబ్బంది చూసి చెయ్యి చాపాడు.

"ఇటియ్యుండ్రమ్మా, నేను పట్టుకుంట."

ఇవ్వలేకపోయాను. తాళాన్ని నా కొంగుకే కట్టుకుని, ముడి రెండుసార్లు బిగించి, లోపలికి తల వంచాను. గనిలో ఫ్యూజును ఆయన అలాగే తన దగ్గరే ఉంచుకునేవాడు.